33 అంగుళాల టైరు కంటే ముందు వేబ్రిడ్జి స్లిప్: బరువు మోసే 4×4 బండికి టైర్లు, రిమ్ములు ఎంచుకోవడం

ప్రశ్న, క్లుప్తంగా: మాది విశాఖ. 4×4 డబుల్ క్యాబ్ పికప్ ఉంది. వెనక క్యానపీ, పైన ర్యాక్, ముందు స్టీల్ బంపర్, వించ్ పెట్టించాం. చింతపల్లి దగ్గర కాఫీ, మిరియాల తోటకి పంపుసెట్లు, డీజిల్, ఎరువులు వేసుకుని వెళ్తుంటాం. కంపెనీ టైర్లు 245/70 ఆర్16, 111ఎస్. అరిగిపోయాయి. టైరు షాపులో 15 అంగుళాల అల్లాయ్ రిమ్ములు, వాటికి 33×12.50 ఆర్15 మడ్ టైర్లు వేసుకోమంటున్నారు. పెద్ద టైరు కదా, ఎంత బరువైనా మోస్తుందట. అసలు లోడ్ రేటింగ్ ఎంత చూడాలి? ఘాట్‌లో అల్లాయ్ ఆగుతుందా?

సమాధానం:

ముందు ఆ 33 సంగతి తేల్చేద్దాం. మీకు చూపించిన సైజు మామూలుగా ‘సీ’ లోడ్ రేంజ్‌లో (టైరు బలాన్ని, ఎంత గాలి పట్టొచ్చో చెప్పే అక్షరం), 108 లోడ్ ఇండెక్స్‌తో (టైరు మోసే బరువుకి గుర్తు అంకె) వస్తుంది. 108 అంటే టైరుకి 1,000 కిలోలు. దానికంటే చిన్నదైన 31×10.50 ఆర్15కి అదే సీ రేంజ్‌లో 109, అంటే 1,030 కిలోలు. మీరు తీసేయబోతున్న కంపెనీ టైరు 111, అంటే 1,090 కిలోలు. డబ్బులు పోసి పెద్ద టైరు వేసుకుంటే ఒక్కో చక్రం దగ్గర 90 కిలోల బలం పోతోందన్నమాట. షాపువాళ్లు అబద్ధం చెప్పారని కాదు, చాలామంది అలాగే అనుకుంటారు. టైరులో బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. వెడల్పాటి ఆ 33కి సీ రేంజ్‌లో గరిష్ఠ గాలి 35 పీఎస్ఐ దగ్గరే ఆగిపోతుంది. 31కి 50 దాకా పట్టొచ్చు. అందుకే చిన్నది ఎక్కువ మోస్తోంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మీ ఇప్పటి టైరు ఎత్తు దాదాపు 749 మిల్లీమీటర్లు, 33 అంగుళాలంటే 838. దాదాపు 12 శాతం పెరుగుతుంది. స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే బండి నిజంగా 89 మీద ఉంటుంది. గేర్లన్నీ ఆ మేరకు బరువెక్కుతాయి. లంబసింగి ఘాట్ లోడుతో ఎక్కేటప్పుడు ఇంజన్ మూలగడం ఒక ఎత్తైతే, దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో ఇంజన్ పట్టి ఉంచే శక్తి తగ్గడం ఇంకో ఎత్తు. ఆ తగ్గినదంతా బ్రేకుల మీదే పడుతుంది. పైగా ఈ కాలపు పికప్‌లలో కొన్నిటికి 15 రిమ్ము వేస్తే బ్రేక్ క్యాలిపర్ తగులుతుంది. ఆ బేరం వదిలేయండి.

ఇప్పుడు అసలు పని. టైరు కొనే ముందు బండిని తూకం వేయించండి. గాజువాక ఆటోనగర్ చుట్టుపక్కల, షీలానగర్ నుంచి పోర్టుకి లారీలు తిరిగే దారిలో వేబ్రిడ్జిలకి కొదవ లేదు. లారీల రద్దీ లేని వేళ వెళితే వాళ్లు కూడా ఓపిగ్గా మూడు తూకాలు వేసిస్తారు. తోటకి వెళ్లేటప్పుడు ఎలా వెళ్తారో అలాగే వెళ్లండి: ట్యాంకు నిండా డీజిల్, క్యాన్లు, పంపుసెట్టు, టూల్స్, ఎక్కే మనుషులు అందరూ. మొదట ముందు చక్రాలు మాత్రం ప్లాట్‌ఫాం మీద, తర్వాత మొత్తం బండి, ఆఖర్న వెనక చక్రాలు మాత్రం. తూకం మనిషి ఒప్పుకుంటే ఒక పక్క రెండు చక్రాలు ఎక్కించి కూడా చూడండి. పంపుసెట్టు ఎడమ పక్క, డీజిల్ క్యాన్లు కూడా అదే పక్క పెట్టుకున్న బండిలో తేడా బాగానే కనిపిస్తుంది.

మీ అంకెలు నాకు తెలియవు కాబట్టి లెక్క తెలియడానికి ఒక ఉదాహరణ తీసుకుంటాను. మొత్తం 3,080, ముందు 1,380, వెనక 1,700 వచ్చిందనుకుందాం. వెనక చక్రానికి సగం, 850. బరువు రెండు పక్కలా సమంగా ఉండదు కాబట్టి ఎక్కువ పడే పక్కకి 900 అనుకోవాలి. దాని మీద నేను 15 శాతం కలుపుతాను. గోతిలో పడినప్పుడు, ఒక చక్రం గాల్లోకి లేచినప్పుడు, లేదా వచ్చేటప్పుడు ఎవరో రెండు బస్తాల కాఫీ గింజలు కూడా వేసేసినప్పుడు ఆ 15 శాతం పనికొస్తుంది. 900 మీద 15 శాతం కలిపితే 1,035. లోడ్ ఇండెక్స్ పట్టికలో 109 అంటే 1,030, 110 అంటే 1,060. అంటే 110 కంటే తక్కువ ఉన్న టైరు వైపు చూడొద్దు. దీనికి తోడు, కంపెనీ బండికి ఇచ్చిన ఇండెక్స్ కంటే తగ్గకూడదు. రెండిటిలో ఏది ఎక్కువైతే అది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. టైర్లలో కార్ల రకం, ఎల్‌టీ రకం అని రెండున్నాయి. సైజు ముందు ఎల్‌టీ అని అక్షరాలుంటే, లేదా 31×10.50 లాంటి సైజు చివర ఉంటే, అది తేలికపాటి ట్రక్కుల కోసం చేసినది. ఏమీ లేకపోతే, లేదా ముందు పీ ఉంటే, కార్ల రకం. కార్ల రకం టైరుని పికప్‌కో, పెద్ద ఎస్‌యూవీకో వేసినప్పుడు దాని మీద రాసిన బరువుని 1.10తో భాగించాలని అమెరికా టైరు ప్రమాణాలు చెబుతాయి. ఎత్తైన బండి ఊగుతుంది, లోడు ఎక్కువ వేస్తారు, రోడ్డు కాని చోట నడుస్తుంది కదా, అందుకు. మన దగ్గర ఎవరూ ఈ లెక్క అడగరు, కానీ మీలాంటి వాడకానికి నేను తప్పకుండా వేస్తాను. అప్పుడు 1,035 కాస్తా 1,140 అవుతుంది. అంటే కార్ల రకంలో కనీసం 113 కావాలి. మీ ఇప్పటి 111 కూడా ఈ లెక్కకి చాలదు. ఖాళీగా తిరిగే బండికైతే ఆ టైరు బంగారం, మీ లోడుకి మాత్రం అంచు మీద నడుస్తోంది.

కాబట్టి ఎల్‌టీ రకానికి రండి. మీ 16 రిమ్ముకి సరిపోయే వాటిలో నేను మొదట చూసేది ఎల్‌టీ245/75 ఆర్16, ‘ఈ’ (E) అక్షరం లోడ్ రేంజ్, 120/116. రెండు అంకెలు చూసి కంగారు పడొద్దు. మొదటిది ఒంటి చక్రానికి, రెండోది లారీలకి ఉన్నట్టు వెనక జంట చక్రాలుంటే. మీకు మొదటిదే వర్తిస్తుంది. ఎత్తు 774 మిల్లీమీటర్లు, ఇప్పటిదాని మీద 3 శాతం పైచిలుకు మాత్రమే. స్పీడోమీటర్ 80 అంటే నిజంగా 83 దగ్గర. గేర్ల మీద భారం పెద్దగా తెలియదు. చక్రాల గూడులో కూడా చాలా బళ్లకి పడుతుంది, అయినా స్టీరింగ్ రెండు పక్కలా పూర్తిగా తిప్పి, మడ్ ఫ్లాప్‌కి రాసుకుంటుందేమో ఒకసారి చూసుకోండి.

ఇక్కడే ఎక్కువ మంది దెబ్బతింటారు. 120 అని కొన్నారు, ధైర్యంగా ఉంది, షాపులో అలవాటు కొద్దీ 35 గాలి కొట్టి పంపేశారు. ఆ టైరు 35 పీఎస్ఐ దగ్గర మోసేది 770 కిలోలే. 40 దగ్గర దాదాపు 845. 50కి వస్తే 1,000. 55కి 1,060. 65కి 1,190. పక్కన రాసిన పూర్తి బరువు 80 దగ్గరే వస్తుంది. అదే సైజులో కార్ల రకం పీ245/75 ఆర్16 109 టైరు 35 దగ్గరే 1,030 మోస్తుంది. చూశారు కదా, బలమైన టైరు వేసి పాత గాలే ఉంచితే మునుపటికంటే బలహీనమైన బండి తయారవుతుంది. ఎల్‌టీ టైరు గోడలు గట్టిగా ఉండి కిందికి అణగవు కాబట్టి కంటికి గాలి తక్కువగా ఉన్నట్టు కనిపించదు. లోపల మాత్రం గోడ వంగుతూ వేడెక్కుతుంది. మే నెలలో అనకాపల్లి హైవే మీద లోడుతో గంటసేపు తోలితే ఆ వేడే టైరుని పొరలు పొరలుగా విడదీస్తుంది. పేలిన టైరు తెచ్చి రాయి గుచ్చుకుందంటారు. చాలాసార్లు అది రాయి కాదు, తక్కువ గాలి.

మన ఉదాహరణకి వద్దాం. వెనక 1,035 కావాలి కాబట్టి 55. ముందు యాక్సిల్ 1,380, చక్రానికి 690, పక్క తేడాతో 720, మార్జిన్‌తో 830. అంటే 40 చాలు. బండి డోర్ దగ్గర అంటించిన స్టిక్కర్ మీద గాలి కంపెనీ టైరుకి రాసింది, ఈ టైరుకి కాదు. ఖాళీగా సిటీలో తిరిగేటప్పుడు వెనక 55 ఉంచొద్దు. ఎగిరెగిరి పడుతుంది, వానలో జారుతుంది, మధ్య గుండీలు త్వరగా అరుగుతాయి. ఖాళీ బండిని కూడా తూకం వేసి ఆ బరువుకి వేరే గాలి లెక్కవేసుకోండి. క్లచ్ ప్లేట్లకి పెట్టే ఖర్చుతో పోలిస్తే ఒక మంచి గేజ్, 12 వోల్ట్ కంప్రెసర్ ఖర్చు ఏమీ కాదు.

గాలి ఎప్పుడూ పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. హైవే మీద నడిచి వేడెక్కాక గేజ్ పెరిగి చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయకూడదు. చలికాలంలో మీ దారిలో ఇంకో తమాషా. విశాఖలో 25 డిగ్రీల దగ్గర 55 కొట్టి బయల్దేరితే, రాత్రి లంబసింగిలో 5 డిగ్రీలకి పడిపోయినప్పుడు టైరులో నాలుగు, అయిదు పాయింట్లు తగ్గుతుంది. కొండ ఎత్తు వల్ల గేజ్ పాయింటున్నర దాకా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి కనిపించే తేడా ఇంకాస్త తక్కువ. తెల్లారి అక్కణ్ణుంచి లోడుతో దిగేటట్టయితే ఒకసారి గేజ్ పెట్టి చూసుకోండి.

ప్లై గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ‘ఈ’ అక్షరం రేంజ్‌ని 10 ప్లై అంటారు, ‘డీ’ని 8, ‘సీ’ని 6. లోపల అన్ని పొరలుంటాయని కాదు, పాతకాలం నూలు పొరల లెక్కలో అంత బలం అని. మామూలుగా గరిష్ఠ గాలి సీకి 50, డీకి 65, ఈకి 80. మొదట చెప్పిన వెడల్పాటి 33 లాంటివి దీనికి మినహాయింపు. అందుకే పక్కన చెక్కిన అక్షరాలు చదవకుండా ఏదీ నమ్మొద్దు. స్పీడ్ గుర్తు క్యూ అయితే 160, ఆర్ 170, ఎస్ 180. కంపెనీ ఇచ్చిన ఎస్ కంటే తగ్గకుండా దొరికితే మంచిది.

ఆటోనగర్‌లో కొందరు ట్రాక్టరు, లోడర్ల టైర్లు చూపించి ‘ఇదీ ఆఫ్‌రోడ్ టైరే’ అంటుంటారు. మన అచ్యుతాపురంలో 2022లో మొదలైన యోకోహామా ఏటీజీ ఫ్యాక్టరీలో చేసేది కూడా ఆ జాతివే: పొలం యంత్రాలకి, నిర్మాణ యంత్రాలకి, గనులకి. వాటి మీద స్పీడ్ గుర్తు ఏ8 అని ఉంటే గంటకి 40 కిలోమీటర్లని అర్థం, డీ అంటే 65. పక్కన పెద్ద బరువు రాసి ఉన్నా అది ఆ వేగానికే. హైవే ఎక్కే బండికి ఆ బరువు అంకెతో సంబంధం లేదు.

ఇక రిమ్ముల విషయం. టైరు ఎంత మోసినా రిమ్ము మోయకపోతే ఆ లెక్కంతా గాలికే. అల్లాయ్ రిమ్ము వెనక వైపు, చువ్వల మీదనో హబ్‌కి ఆనుకునే చోటనో మ్యాక్స్ లోడ్ అని కిలోల్లోనో పౌండ్లలోనో చెక్కి ఉంటుంది. 2,200 పౌండ్లంటే దాదాపు 998 కిలోలు. షాపులో కొత్త రిమ్ముని తిప్పి చూపించమనండి. అంకె లేని రిమ్ము ఎంత అందంగా ఉన్నా, ఎంత చవకగా ఉన్నా వద్దు. కార్ల కోసం చేసిన వాటి మీద 600లు, 700ల అంకెలు ఉండటం మామూలే. మీ ఉదాహరణకి 1,050కి తక్కువ పనికిరాదు. ఐఎస్‌ఐ గుర్తు చూడండి. జపాన్ ప్రమాణమైన జేడబ్ల్యూఎల్ గుర్తు కార్ల స్థాయి పరీక్షకి, చివర టీ ఉన్న జేడబ్ల్యూఎల్-టీ ట్రక్కులు, బస్సుల స్థాయికి. ఆ అక్షరం చిన్నదే, తేడా పెద్దది. వీఐఏ ముద్ర ఉంటే ఆ పరీక్ష ఫలితం బయటి సంస్థ దగ్గర నమోదైందని అర్థం.

ఆ మ్యాక్స్ లోడ్ కూడా ఒక టైరు ఎత్తుకి, ఒక ఆఫ్‌సెట్‌కి (రిమ్ము హబ్ మీద ఎంత లోపలికో, బయటికో కూర్చుంటుందో చెప్పే కొలత) లెక్కవేసి పరీక్షించినదే. మలుపులో నేల టైరుని పక్కకి తోస్తుంది. టైరు ఎంత ఎత్తుగా ఉంటే రిమ్ము మధ్య భాగం మీద వంపు బలం అంత ఎక్కువ పడుతుంది. ఆఫ్‌సెట్ కూడా అంతే. రిమ్ము బయటికి వచ్చే కొద్దీ హబ్ బేరింగ్ మీద, స్టడ్డుల మీద లాగుడు పెరుగుతుంది. అందుకే లోడు బండికి స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరపడానికి హబ్‌కీ రిమ్ముకీ మధ్య పెట్టే బిళ్లలు) వద్దని ఖచ్చితంగా చెప్తాను. 33×12.50కి 8.5 అంగుళాల కంటే సన్నటి రిమ్ము పనికిరాదు కాబట్టి ఆ టైరు కొంటే రిమ్ము బయటికి రావడం ఖాయం. ఎల్‌టీ245/75కి 6.5 నుంచి 8 అంగుళాల రిమ్ము చాలు, అంటే బహుశా మీ కంపెనీ రిమ్ములే సరిపోతాయి. నన్నడిగితే వాటినే ఉంచుకోండి, అలంకరణ డబ్బు టైర్ల మీద పెట్టండి.

కొత్తవి కొనాల్సివస్తే స్టీలా, అల్లాయా? మీ దారికి స్టీలే. రాతికి తగిలితే స్టీల్ రిమ్ము అంచు వంగుతుంది, నర్సీపట్నంలో ఏ పంక్చర్ షాపులోనైనా సుత్తితో కొట్టి గాలి నిలిచేటట్టు చేసి పంపిస్తారు. అల్లాయ్ పగిలితే చింతపల్లిలో ఎవరూ ఏమీ చేయలేరు. అయితే విశాఖ గాలి సంగతి మర్చిపోకూడదు. బీచ్ రోడ్డు చుట్టుపక్కల నిలిపే బండికి ఉప్పు గాలి వల్ల టైరు కూర్చునే అంచు దగ్గర తుప్పు పట్టి, కనిపించకుండా రోజుకింత గాలి కారిపోతుంది. టైరు మార్చేటప్పుడల్లా ఆ అంచు గీకించి, ప్రైమర్ పూయించండి. మంచి కంపెనీ అల్లాయ్, సరైన లోడ్ అంకెతో ఉంటే అది కూడా ఆగుతుంది, కాదనను. చవక నకళ్లతోనే ఇబ్బంది. పాడేరు ఘాట్‌లో ఒక బండి వెనక రిమ్ము చువ్వ దగ్గర చీలిపోవడం నేను దగ్గరుండి చూశాను. తిప్పి చూస్తే ఒక్క అంకె లేదు.

చిన్న చిన్నవి కొన్ని. మామూలు రబ్బరు వాల్వులు 65 పీఎస్ఐ దాకానే. అంతకంటే ఎక్కువ గాలి పెట్టే అవసరం ఉంటే మెటల్ వాల్వు వేయించండి. రిమ్ము మారితే నట్లు కూడా మారాలేమో చూడండి. కొన్ని కంపెనీ అల్లాయ్‌లకి వాషరుతో బల్లపరుపు నట్లు, స్టీలుకి శంఖు ఆకారం నట్లు ఉంటాయి. ఒకదానికి ఇంకోటి వేస్తే బిగిసినట్టే ఉండి వదులైపోతాయి. బిగించాక 50, 100 కిలోమీటర్లు నడిపి టార్క్ రెంచితో మళ్లీ చూడాలి. ఇంప్యాక్ట్ గన్ కొట్టేశాం కదా అంటే ఒప్పుకోవద్దు. టైరు తయారీ తేదీ నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం.

తోట దగ్గర బురదలో, ఇసుకలో దిగినప్పుడు గాలి తగ్గించడం తప్పేం కాదు, నిదానంగా నడిపినంతసేపు 25కో ఇంకా కిందికో దించొచ్చు. లోడు ఉంటే అంతకింత జాగ్రత్త. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపాలి, దానికి మినహాయింపు లేదు.

ఇంకో విషయం, వినడానికి చేదుగా ఉంటుంది. తూకంలో మొత్తం బరువు బండి ప్లేటు మీద రాసిన జీవీడబ్ల్యూ (లోడుతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువు) దాటితే, లేదా వెనక యాక్సిల్ దాని పరిమితి దాటితే, 120 కాదు 130 ఇండెక్స్ టైరు వేసినా బండి సామర్థ్యం పెరగదు. బ్రేకులు, కమాన్ కట్టలు, యాక్సిల్ హౌసింగ్ అవే కదా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్‌సీ వివరాలకి భిన్నమైన మార్పులు చేయకూడదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చూసేది అదే. మీ ముందు స్టీల్ బంపర్ కూడా ఆ లెక్కలోకి వస్తుంది. క్రాష్ గార్డులు, బుల్ బార్లు పెట్టుకున్న బళ్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017లోనే రాష్ట్రాలకి రాసింది. అది తీసేస్తే ముందు యాక్సిల్ మీద బరువు తగ్గుతుంది, బహుశా ముందు గాలి కూడా తగ్గించుకోవచ్చు. పైన ర్యాక్ మీద డీజిల్ క్యాన్లు కూడా కిందికి, క్యాబిన్‌కి దగ్గరగా దించండి.

కొనేటప్పుడు అయిదు కొనండి, నాలుగు కాదు. 4×4లో వేరే ఎత్తు స్టెప్నీ వేసుకుని ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు, డిఫరెన్షియల్ నలుగుతాయి. తక్కువ ఇండెక్స్ పాత స్టెప్నీని లోడు బండికి వేస్తే చేసిన లెక్కంతా ఆ ఒక్క చక్రం దగ్గర తప్పుతుంది. షాసీ కింద స్టెప్నీ వేలాడే చోట 774 ఎత్తు టైరు పడుతుందో లేదో బేరం కుదిరే ముందే కొలవండి. తూకం స్లిప్పులు వచ్చాక ముందు, వెనక అంకెలు, ప్లేటు మీద జీవీడబ్ల్యూ పంపండి, మీ బండికి గాలి లెక్క వేసి చెప్తాను.